పెరటి జామకు పోషణ, రక్షణ



పెరటిచెట్టు మందునకు పనికిరాదని సామెత. ఆ చెట్టునకే మందు కావలసివచ్చినపుడు పట్టించుకొనువారు మఱింత అరుదు. మన కంచికచర్ల, నందిగామ ప్రాంతములందు పెక్కు పెరళ్ళలో జామచెట్లు కలవు. వానకాలమున పండు కొఱికిన పిల్లవాడు లోని పురుగును చూచి పాఱవేయును. దీనిని మాన్పుటకు ఇంటి బావియొద్ద విషములు చల్లనక్కఱలేదు. చెట్టు స్వభావమును, పురుగు స్వభావమును ఎఱిగిన చాలును.

జామ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చినది. మన నేరేడును, దక్షిణ బ్రెజిలునందలి ఫీజోవాయు దీని జ్ఞాతులు. జామ క్రొత్త చిగురులపై పూయును. చిగురు నీటిని, ఎరువును అనుసరించి వచ్చును. కావున కాపు ఎప్పుడు రావలెనో కొంతవఱకు మన చేతిలోనిదే.

వేసవి పూత వానకాలమున పండును. ఆ పండు చప్పన. పండుఈగయు అప్పుడే విజృంభించును. తొలకరి పూత శీతకాలమున పండును. అది తియ్యన, పురుగు తక్కువ. అందుచే ముదురు చెట్టునకు ఫిబ్రవరి మొదలు మే నడుమవఱకు నీరు ఆపి, వేసవి పూతను రాలనిచ్చి, జూన్‌లో పాదు త్రవ్వి, ఎరువు వేసి, నీరు పెట్టవలెను. లేతమొక్కకు ఈ యుపవాసము తగదు.

ఎరువును మొదలుకంట పోయరాదు. ఆహారము గ్రహించు సన్నని వేళ్ళు కొమ్మల యంచు క్రింద నుండును; అచ్చట మాగిన పశువుల ఎరువును, వేపపిండిని కలుపవలెను. పచ్చిపేడ చెదలను పిలుచును. సున్నము గల నల్లరేగడిలో ఆకులు చిన్నవై, ఈనెల నడుమ పసుపెక్కినచో అది జింకు లోపము. లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి లేతచిగురుపై చల్లవలెను.

ఇక పండుఈగ. ఇది పక్వమగుచున్న కాయ తొక్కక్రింద గ్రుడ్లుపెట్టును. పురుగు గుజ్జు తిని, రాలిన పండునుండి మంటిలోనికి దిగి, కొలది అంగుళముల లోతున ప్యూపాయై, మరల ఈగయై లేచును. కనుక రాలిన పండ్లను ప్రతిదినము ఏఱి 2 అడుగుల లోతున పూడ్చవలెను. చెట్టుక్రింది మన్నును తిరుగవేసిన ఎండయు, పక్షులును తక్కిన పని చేయును. కాయను దోరగా నున్నప్పుడే కోయవలెను. మగయీగలు నలిపిన తులసియాకు వాసనకు వచ్చును. అందు మిథైల్ యూజినాల్ అను ద్రవ్యము కలదు. ఆ ద్రవ్యముతో చేసిన ఎరబుట్టలు నేడు అమ్ముచున్నారు.

తెల్లని పిండినల్లి పట్టిన రెమ్మలను కత్తిరించి కాల్చవలెను. చీమలు దీనిని కాపాడును గాన, అవి ప్రాకకుండ మొదలునకు జిడ్డుపూసిన గుడ్డ చుట్టవలెను. అయితే తెల్లనిదెల్ల శత్రువు కాదు. పిండినల్లిని తిను క్రిప్టోలీమస్ అను పెంకుపురుగు పిల్లయు తెల్లగానే యుండును. 1898లో కాఫీతోటల రక్షణకై మన దేశమునకు తెచ్చిన మిత్రమది, చంపరాదు.

ఈగకు ప్రహరీగోడ అడ్డుకాదు. ఒక్క పెరడు శుభ్రపఱచి, ప్రక్క పెరటిలో పండ్లు కుళ్ళనిచ్చిన శ్రమ వ్యర్థము. వీధివారందఱు కలసి రాలుపండ్లు ఏఱునట్లు చెప్పగలవారు పెద్దలైన మీరే. ఆ మాట ఈ తొలకరికే చెప్పుడు.