బంగారం కాయిన్ కొంటున్నారా? ముందు ఇవి చూసుకోండి

బిడ్డ పెళ్లి కోసమని చాలా ఇళ్లలో కొంచెం కొంచెంగా బంగారం, వెండి కాయిన్లు కొని దాస్తుంటారు. డిజైన్ కాదు, తిరిగి అమ్మితే ఎంతొస్తుందో చూడాలి. గ్రాము కాయిన్లు పది కొంటే, పది గ్రాములది ఒకటి కొన్నదానికన్నా మేకింగ్ చార్జీలు ఎక్కువ పడతాయి. పెద్ద బిస్కెట్‌కు చార్జీ తక్కువే గానీ, అవసరానికి కొంచెమే అమ్ముకోలేం. అందుకే 5, 10 గ్రాములవి మేలు.

999 స్వచ్ఛత, హాల్‌మార్క్ చూసి కొనండి. సీల్ విప్పకుండా బిల్లుతో సహా దాచండి. బ్యాంకులు తాము అమ్మిన కాయిన్లను తిరిగి కొనవు. కట్టిన 3 శాతం జీఎస్టీ కూడా వెనక్కి రాదు.

దాచిన కాయిన్లకూ జకాత్ ఉంటుంది. నిసాబ్ బంగారానికి 87.48 గ్రాములు, వెండికి 612.36 గ్రాములు. రెండూ కలిసి ఉంటే లెక్క ఆలిమ్‌ను అడగండి.