ధర ముందే పలకాలి, కొలత ముందే తెలపాలి

తగవులు పడినవారు సత్యప్రమాణం చేయడానికి కాణిపాకం వస్తారన్న సంగతి చిత్తూరు ప్రాంతంలో అందరికీ తెలిసినదే. ఆ విశ్వాసం మన హిందూ సోదరులది. అయితే బేరం కుదిరిన నాడే మాట స్పష్టంగా ఉంటే ఏ తగవైనా ప్రమాణం దాకా ఎందుకు పోతుంది? ఇటీవల మా ముందుకు వచ్చిన ఒక వ్యవహారం ఈ ప్రశ్ననే లేవనెత్తింది.

మా వద్ద చదువుకున్న ఒక యువకుడు కాణిపాకం దారిలో పటాలు కట్టే అంగడి నడుపుతున్నాడు. చిత్రకారులు అడిగితే, వారు కోరిన కొలతలో కాన్వాసు గుడ్డను కర్రచట్రానికి బిగించి ఇస్తాడు. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు గల కాన్వాసుకు 1500 రూపాయలు తీసుకునేవాడు. అంటే చదరపు అడుగుకు 250. ఒక చిత్రకారుడు అడుగు వెడల్పు, అడుగు పొడవు గల కాన్వాసులు 12 కావాలన్నాడు. అదే లెక్కన ఒక్కొక్కటి 250 రూపాయలకు యువకుడు ఒప్పుకున్నాడు. పనిలోకి దిగాక కర్రకూ గుడ్డకే ఆ సొమ్ము చాలదని తెలిసింది. పలికిన ధరను మార్చలేక సన్నని బద్దలు వాడాడు. రెండు నెలలలో అవి మెలితిరిగాయి. చిత్రకారుడు కోపంతో తిరిగి వచ్చాడు.

“హజ్రత్, నష్టం నాకే, నింద కూడా నాకేనా?” అని ఆ యువకుడు మమ్మల్ని అడిగాడు. మేము కాగితం, కలం తీసుకుని అతనితో కలిసి కూర్చున్నాము.

లెక్క తేలికగా తెలియడానికి గుండ్రని అంకెలు తీసుకుందాం. కర్ర అడుగుకు 40 రూపాయలు, గుడ్డ చదరపు అడుగుకు 60, పని గంటకు 120 అనుకుందాం. గుడ్డను చట్రం వెనుకకు మడిచి పిన్నులు కొట్టడానికి ప్రతి వైపు మూడు అంగుళాలు అదనంగా కావాలి. కనుక రెండు, మూడు అడుగుల కాన్వాసుకు 30 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల పొడవు గల గుడ్డ పడుతుంది. చిత్రానికి దక్కేది 6 చదరపు అడుగులు, ఖర్చయ్యేది 8.75. గుడ్డకు 525, కోత తరుగుతో కలిపి 11 అడుగుల కర్రకు 440, పిన్నులు, చీలలకు 35, గంటన్నర పనికి 180, అద్దె, కరెంటు వాటా 120. మొత్తం 1300. 200 లాభం కలిపితే 1500. ఇది న్యాయమైన ధరే.

ఇక అడుగు కాన్వాసును చూడండి. చిత్రానికి దక్కేది ఒక్క చదరపు అడుగే అయినా గుడ్డ 2.25 చదరపు అడుగులు పడుతుంది. దానికి 135, నాలుగున్నర అడుగుల కర్రకు 180, పిన్నులకు 25. నాలుగు మూలల కోత పెద్దదానికీ చిన్నదానికీ ఒకటే కనుక పనికి గంట పడుతుంది, అది 120. అద్దె వాటా 80. లాభం చేర్చకముందే 540 అయింది! పెద్ద కాన్వాసులలో ఇది తలక్రిందులవుతుంది. పొడవు, వెడల్పులు రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు అవుతుంది, చుట్టుకొలత మాత్రం రెండు రెట్లే. మందమైన బద్దలు, అడ్డబద్దలు చేర్చినా, చదరపు అడుగు లెక్కన వేస్తే చిత్రకారునిపై అధిక భారం పడవచ్చు. అంటే ఒకే రేటు పెట్టుకుంటే చిన్న పనిలో అంగడివాడు నష్టపోతాడు, పెద్ద పనిలో కొనుగోలుదారుడు నష్టపోతాడు. కర్రను చుట్టుకొలతతో, గుడ్డను మడతలతో సహా వైశాల్యంతో, పనిని సమయంతో వేరువేరుగా లెక్కించడమే ఇరువురికీ న్యాయం.

ప్రియ పాఠకులారా! ఇంకా తయారు కాని వస్తువును అమ్మడం సాధారణంగా ధర్మసమ్మతం కాదు. అయితే ప్రజల అవసరాన్ని గమనించి, ఆర్డరుపై చేయించుకునే ‘ఇస్తిస్నా’ ఒప్పందాన్ని హనఫీ పండితులు అనుమతించారు. వస్తువు రకం, కొలత, నాణ్యత, ధర ముందే స్పష్టం కావాలన్నది దానికి షరతు. కాబట్టి బద్ద ఏ కర్రది, మందం ఎంత, గుడ్డ ఏది, పూతలు ఎన్ని, ఎప్పటికి ఇవ్వాలి అన్నవన్నీ చీటీపై ఉండాలి. చెప్పినట్టే చేసిన వస్తువును కొనుగోలుదారుడు కాదనకూడదన్న ఇమామ్ అబూ యూసుఫ్ (రహిమహుల్లాహ్) అభిప్రాయాన్ని, 19వ శతాబ్దంలో ఉస్మానియా సామ్రాజ్యం రూపొందించిన ‘మజల్లా’ స్వీకరించింది. ఇందులోని వివేకం ఈ వృత్తిలో కళ్లకు కడుతుంది. ఒకరి కోసం విచిత్రమైన కొలతలో కట్టిన కాన్వాసును మరెవరు కొంటారు? అదే విధంగా, వస్తువు చెప్పినట్టు లేకపోతే తిరస్కరించే హక్కు కొనుగోలుదారునికి ఉంది.

కాన్వాసుపై ఏ చిత్రం గీయవచ్చు అన్నది వేరే ప్రశ్న. దానిని పండితుల వద్ద తెలుసుకోవాలి. ఇక్కడి మాట ఖాళీ కాన్వాసు ధర గురించే.

యువకునితో మేము ఇలా అన్నాము: “బాబూ, తక్కువ ధర చెప్పడం నీ పొరపాటు. ఆ పొరపాటును కర్రలో దాచడం దగా. మొదటిది నీ డబ్బుతో తీరుతుంది. రెండవది అవతలి మనిషి హక్కు.” అతను కాసేపు మౌనంగా ఉండి లేచాడు. 12 చట్రాలనూ సొంత ఖర్చుతో మందమైన బద్దలతో మళ్లీ చేసి, గుడ్డలను జాగ్రత్తగా విప్పి తిరిగి బిగించి ఇచ్చాడు. ఆ నెల అతని ఇంటి ఖర్చులు ఎలా గడిచాయో మాకు తెలుసు. ఇప్పుడు అతని అంగడిలో కర్ర, గుడ్డ, కూలి రేట్లు విడివిడిగా వ్రాసిన పలక వేలాడుతోంది. ఆ చిత్రకారుడు ఈనాటికీ అక్కడికే వస్తున్నాడు.

ఇందులో మా లోపమూ ఉంది. క్రయవిక్రయాల అధ్యాయాన్ని ఏళ్ల తరబడి బోధించాము కాని, ఒక్క విద్యార్థి చేతనైనా ఒక్క అంగడి లెక్క వేయించలేదు. కొలతలలో తగ్గించి ఇచ్చేవారి పేరుతో దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. అందులోని అతి పొడవైన ఆయత్ అప్పు లావాదేవీలను వ్రాసుకోవడం గురించినది. ఇక మా తరగతిలో ఆ పాఠం తరువాత ఒక చీటీ కూడా వ్రాయిస్తాము.

అల్లాహ్ మన కొలతలలో నిజాయితీని, మన సంపాదనలో శుభాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.