పెరట్లో కామెడీ షో!

తొలకరి పడి ఆరుద్ర కార్తె వచ్చిందంటే గుడిబండ వైపు ఎర్రనేలల్లో పెద్దల చూపంతా ఆకాశం మీదే. వేరుసెనగ విత్తాలిగా మరి! పిల్లల చూపు మాత్రం నేలమీద. ముఖమల్ కోటు తొడుక్కున్నట్టు ఎర్రగా మెరిసే ఆరుద్ర పురుగులు బయటికొచ్చేది అప్పుడే. ఒకప్పుడు వాటిని అగ్గిపెట్టెలో దాచుకునేవారు. ఇప్పుడు ఇంట్లో ఫోనుంది. ఓ ఫొటో తీసి, పక్కన నాలుగు మాటలు రాస్తే... కార్టూన్ కథకు మొదటి బొమ్మ సిద్ధం!

'ఎనిమిది కాళ్లున్నాయని కీటకాల సంఘంలో చేర్చుకోలేదప్పా!' అని దాని చేత వాపోయేలా చేయొచ్చు. జోకే అయినా అబద్ధం కాదు. కీటకాలకు ఆరు కాళ్లే. ఆరుద్ర పురుగు సాలీడుకు చుట్టం.

కిటుకంతా అక్కడే ఉంది. పురుగు నిజంగా చేసే పనిలోంచే నవ్వు పుట్టాలి. పేడపురుగునే తీసుకోండి. తల కిందికి పెట్టి, వెనక కాళ్లతో ఉండను తోస్తూ వెనక్కి నడుస్తుంది. దారిలో మీసాలు ఆనించి కబుర్లాడుకుంటున్నట్టు రెండు చీమలు.

'యాడికి బోతాండావప్పా వెనక్కి వెనక్కి?'

'మడకశిరకి. బస్సులో లగేజీకి టికెట్టు అడిగినారు!'

'మరి దారెట్ల తెలుస్తాది?'

'చుక్కలు చూసి!'

ఇది కోతేం కాదు. ఆఫ్రికాలోని ఓ రకం పేడపురుగులు రాత్రిపూట పాలపుంత వెలుగును బట్టి తిన్నగా సాగిపోతాయని శాస్త్రవేత్తలు 2013లో తేల్చారు.

ఫొటోలకు తెల్లవారుజామే మేలు. చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి. పైనుంచి తీస్తే అన్నీ చుక్కల్లాగే పడతాయి. బోర్లా పడుకుని వాటి కళ్లకు సమానంగా కెమెరా పెడితే చీమ కూడా ఏనుగంత ఠీవిగా ఉంటుంది. (బట్టల మట్టికి అమ్మ తిట్టే తిట్లు అదనం.) కథ ముందే రాసుకుని పురుగును వెతుక్కుంటూ వెళితే నిరాశే. వారం పాటు తీసి, బొమ్మలన్నీ మంచం మీద పరిచి అటూ ఇటూ మార్చి చూస్తే కథ దానంతటదే దొరుకుతుంది.

పురుగులు చెప్పినట్టు వినవన్నది వందేళ్ల కిందటే తెలిసిన సంగతి. లాడిస్లావ్ స్టారెవిచ్ అనే ఆయన కొమ్ముపురుగుల పోట్లాటను సినిమా తీద్దామనుకున్నాడు. లైట్లు వేయగానే అవి కదలడం మానేశాయట! దాంతో చచ్చిన పురుగుల కాళ్లకు తీగలు కట్టి, ఒక్కో ఫ్రేమూ తీసి ఆడించాడు. అలా 1912లో వచ్చిన ఆయన చిత్రంలో, ఇంట్లో తెలియకుండా సరసాలాడే పురుగుగారి బండారాన్ని మిడత కెమెరామన్ తెరమీద బయటపెడుతుంది!

మన రాజమౌళి 'ఈగ' (2012) కోసమూ ముందు నిజం ఈగలను ఫ్రిజ్‌లో పెట్టి, స్పృహ తప్పాక దగ్గర్నుంచి ఫొటోలు తీశారు. తీరా చూస్తే ముఖమంతా కళ్లే. నవ్వడానికి పెదవులు లేవు, ఎగరేయడానికి కనుబొమలు లేవు. హీరోగా ఎలా నిలబెట్టడం? హావభావాలన్నీ ఒంటి కదలికలతోనే పలికించారు. ఈగ చేతులు రుద్దుకోవడం ఎప్పుడైనా గమనించారా? అది కాళ్లు శుభ్రం చేసుకోవడమే. దాని నాలుక పని కాళ్లు కూడా చేస్తాయి మరి. మనకు మాత్రం ఏదో కుట్ర పన్నుతున్నట్టే ఉంటుంది!

పెరట్లో వాటిని ఫ్రిజ్‌కెక్కించే అవసరం లేదు. కదలకుండా ఫొటోకు నిలబడే హీరో ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలోనే ఉంది. పట్టుపురుగు! తినడం, నాలుగుసార్లు 'జ్వరం' పడటం... అదే దాని జీవితం. పొర విడవడానికి మేత మానేసి, తలెత్తి కదలకుండా ఉండటాన్నే రైతులు జ్వరం అంటారు. 'అయ్యవారూ, నాలుగో జ్వరం. సెలవు కావాల' అని చీటీ రాసిస్తున్నట్టు బొమ్మ కట్టొచ్చు. లేచాక మల్బరీ ఆకు మీద పడే తీరుకు పెళ్లి భోజనాల పంక్తి చాలదు. తర్వాత గూడు. దాదాపు కిలోమీటరు దాకా సాగే ఒకే దారం.

ఇక్కడే కథ రాసే పిల్లలకు చిక్కు. గూళ్లు హిందూపురం మార్కెట్‌కు వెళతాయి. దారం తీసేవాళ్లు వాటిని వేడినీళ్లలో వేస్తారు. లోపలిది రెక్కలతో బయటికి రాదు. అబద్ధపు సీతాకోకచిలుకను అతికిస్తే అంతదాకా నిలబెట్టిన నిజం పోతుంది. అలాగని జోకు వేయబుద్ధీ కాదు. ఆ ఒక్క బొమ్మలో మాటల బుడగను ఖాళీగా వదిలేయడమే నయం.