చెమటతో పోని కొవ్వు

మొదటి షిఫ్టు ముగించుకుని పైకొచ్చిన కార్మికుడి బనీను పిండితే నీళ్లు కారతాయి. గోదావరిఖనిలో ఏ బొగ్గు గని ఇంక్లయిన్ దగ్గర నిలబడినా కనిపించే దృశ్యమే ఇది. పనిచేసే చోట తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదని బొగ్గు గనుల నిబంధనల్లోనే రాశారంటే, లోపలి ఉక్క ఎలాంటిదో ఊహించుకోవచ్చు. అందుకే ల్యాంప్ రూం దగ్గర వినిపించే ప్రశ్న న్యాయమైనదే: ‘‘బాయిల గింత చెమటోడుస్తున్నం, పొట్టెందుకు తగ్గుతలేదు?’’

చెమటలో పోయేది నీళ్లు, ఉప్పు. ఇంటికొచ్చి రెండు చెంబుల నీళ్లు తాగితే తూకం మళ్లీ మొదటికొస్తుంది. కొవ్వు పోయే దారి వేరు, అది చాలావరకు ఊపిరితిత్తుల గుండా. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరిలో వెళ్లిపోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన మీర్‌మన్, బ్రౌన్ 2014లో ఈ లెక్క కట్టి చూపించారు. మన బొగ్గులోని కార్బన్ ఎన్టీపీసీ బాయిలర్లలో మండి పొగగొట్టం దారి పట్టినట్టే, కొవ్వులోని కార్బనూ ముక్కు దారి పడుతుంది.

అసలు కొవ్వు చేరేదెలా? అన్నం గ్లూకోజుగా మారాక కొంత గ్లైకోజన్ రూపంలో దాగుతుంది: కాలేయంలో వంద గ్రాములు, కండరాల్లో నాలుగొందల గ్రాములు, అటూఇటుగా అంతే చోటు. గ్లైకోజన్ తన బరువుకు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది, కాబట్టి ఎక్కువ దాచుకోవడం శరీరానికి బరువు. కొవ్వుకు ఆ ఇబ్బంది లేదు. గ్రాముకు 9 కేలరీలు, అదీ నీళ్లు లేకుండా. ఓ మోస్తరు ఒళ్లున్న మనిషిలో పది పదిహేను కిలోల కొవ్వు, అంటే సుమారు లక్ష కేలరీలు ఉంటాయి.

అన్నం ఎక్కువైతే అదంతా కొవ్వుగా మారుతుందని చాలామంది అనుకుంటారు. మారేది కొంతే. భోజనం చేయగానే పెరిగే ఇన్సులిన్ ‘ముందు గ్లూకోజు ఖర్చు చేయండి’ అని కణాలను పురమాయిస్తుంది. దాంతో కూరలోని నూనె, మిర్చి బజ్జీలోని నూనె ఖర్చు కాకుండా నేరుగా కొవ్వు కణాల్లోకి పోతాయి. అక్కడ ఒక్కో గ్లిజరాల్‌కు మూడేసి ఫ్యాటీ ఆమ్లాలు అతుక్కుని ట్రైగ్లిజరైడ్‌గా నిలవుంటాయి.

కడుపు ఖాళీ అయి ఇన్సులిన్ తగ్గినప్పుడు, ఒళ్లు వంచి పనిచేసేటప్పుడు అడ్రినలిన్ పెరిగినప్పుడు ఆ అతుకులు విడిపోతాయి. ఫ్యాటీ ఆమ్లాలు రక్తంలోని ఆల్బుమిన్‌ను పట్టుకుని కండరాలకు చేరి, మైటోకాండ్రియాలో రెండేసి కార్బన్‌ల చొప్పున తెగుతాయి. ఇలా రెండేసి చొప్పున తెగుతాయని 1904లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ నూప్ కనిపెట్టారు. పదహారు కార్బన్‌ల పామిటిక్ ఆమ్లం ఒక్క అణువు నుంచి కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువులు 106 వస్తాయి. కండరం కదలాలంటే ఆ ఏటీపీ కావాల్సిందే. కండరంలో దాని ఉనికిని 1929లో వెల్లడించిన వారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. బడి పిల్లలకు ఏటీపీ గురించి చెప్పేటప్పుడు సుబ్బారావు పేరు కూడా చెప్పాలి.

ఇప్పుడు మన బాయి దగ్గరికొద్దాం. తట్టా చెమ్మస్ కాలంలో కోల్ ఫిల్లర్ బొగ్గును చెమ్మస్ (పార)తో ఎత్తి, తట్టలో మోసి టబ్బులు నింపేవాడు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం 65 కిలోల మగవాడికి అలాంటి బరువు పనికి రోజుకు 3,470 కేలరీలు కావాలి. మోస్తరు పనికి 2,710, కూర్చుని చేసే పనికి 2,110 చాలు. తర్వాత బొగ్గెత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. చాలా గనుల్లో నడక బదులు మనుషులను మోసే మ్యాన్‌రైడింగ్ వచ్చింది. ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్ షిఫ్టంతా సీట్లోనే ఉంటాడు. బరువు పని మోస్తరు పనైనా రోజుకు 760 కేలరీలు మిగిలినట్టే. అంటే పావు కిలోకు కాస్త తక్కువ బియ్యం. నడుములు విరగ్గొట్టిన ఆ తట్ట మళ్లీ రావాలని ఎవరూ కోరరు, కోరకూడదు కూడా. కానీ టిఫిన్ డబ్బా మాత్రం తండ్రి నాటి కొలతలోనే నిండుతోంది. పొట్ట పెరిగిన కార్మికుడిని బద్ధకస్తుడని అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

పైగా నైట్ షిఫ్టు. అదే అన్నం పగలు తిన్నప్పటికన్నా రాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువ పెరుగుతుంది, ఎక్కువసేపు నిలుస్తుంది. పగటి నిద్ర చాలకపోతే ఆకలీ పెరుగుతుంది. జీతం రోజు దావత్ సంగతి వేరే చెప్పాలా? మందు లోపలికి వెళ్తే కాలేయం ముందు దాని పనే చూస్తుంది, కొవ్వు కరిగించే పని ఆగిపోతుంది.

మన భారతీయుల ఒంటి తీరు మరో చిక్కు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఇద్దరి కొలతలను 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే మనవాళ్లలోనూ కొవ్వు పేగుల చుట్టూ, కాలేయంలో చేరుతుంది. షుగరుకు, గుండెజబ్బుకు దారితీసేది ఎక్కువగా ఆ కొవ్వే. పొట్ట వ్యాయామాలు ఎన్ని చేసినా పొట్ట దగ్గరి కొవ్వే ఎంచి కరగదు. తిండి తగ్గి, నడక పెరిగితే ఒళ్లంతా కలిసి తగ్గుతుంది, లోపలి కొవ్వు మొదట్లోనే కదులుతుంది.

అందుకే కార్మికులకు నిర్ణీత కాలానికోసారి చేసే వైద్య పరీక్ష (పీఎంఈ)కి వచ్చిన ప్రతి ఒక్కరి నడుముకూ టేపు పెట్టాలి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే, బరువు మామూలుగానే ఉన్నా సరే, షుగరు, కాలేయం పరీక్షలు చేయించాలి. నైట్ షిఫ్టు క్యాంటీన్‌లో పూరీ పక్కనే గుడాలు, ఉడికించిన గుడ్లు దొరికేలా చూడాలి.