మెయిల్ సర్వరు చదివే పట్టికలు

ఒక కాలేజీకి సొంత మెయిల్ సర్వరు ఉందనుకుందాం. అడ్మిషన్ల చిరునామాకు వచ్చే మెయిళ్లు చూసే ఉద్యోగి బదిలీ అయ్యారు. సిస్టమ్ అడ్మిన్ యూనిక్స్ మెషీన్‌లో లాగిన్ అయి, ఏ చిరునామాకు వచ్చిన మెయిల్ ఎవరికి వెళ్లాలో చెప్పే పట్టిక తెరిచి, ఆ ఉద్యోగి పేరు తీసేసి, ఆ స్థానంలోకి వచ్చిన లక్ష్మి పేరు రాసి సేవ్ చేశారు. మళ్లీ తెరిచి చూస్తే లక్ష్మి పేరే ఉంది. అయినా సాయంత్రం దాకా మెయిళ్లన్నీ బదిలీ అయినవారికే పోతున్నాయి.

అడ్మిన్ దిద్దిన ఫైలు వేరు, సర్వరు చదివే ఫైలు వేరు. యూనిక్స్ మెయిల్ సర్వర్లతో కొత్తగా పనిచేసేవాళ్లను తికమకపెట్టే చిక్కుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

మెయిల్ నియమాలను ఇలా ఫైళ్లలో రాసిపెట్టే పద్ధతికి మూలం అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఉంది. 1970ల చివర అక్కడి కంప్యూటర్లు ఒకటికి మించిన నెట్‌వర్కులకు కలిసి ఉండేవి. ఒక్కో నెట్‌వర్కులో చిరునామా రాసే తీరు ఒక్కోలా ఉండేది. వీటి మధ్య ఉత్తరాలు చేరవేయడానికి ఎరిక్ ఆల్‌మన్ మొదట డెలివర్‌మెయిల్‌ను, ఆ తర్వాత సెండ్‌మెయిల్‌ను రాశారు. డెలివర్‌మెయిల్‌లో ఈ తేడాలన్నీ ప్రోగ్రాంలోనే ఇమిడి ఉండేవి. చిన్న మార్పుకైనా ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేయాల్సిందే. సెండ్‌మెయిల్‌లో ఆయన ఆ నియమాలను బయటికి తీసి ఒక కాన్ఫిగరేషన్ ఫైల్లో పెట్టారు. ఎవరి ఉత్తరం ఎవరికి అన్న నిర్ణయం ప్రోగ్రామర్ చేతిలోంచి అడ్మిన్ చేతికి వచ్చింది. అయితే ఆ ఫైల్లోని భాష మహా కఠినం. 1998 డిసెంబరులో ఐబీఎం పరిశోధన కేంద్రం నుంచి వీట్సె వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ ఆ బరువును బాగా తగ్గించింది. ఇందులో ప్రధాన ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్. ఏ పనికి ఏ పట్టిక చూడాలో అందులో చెబితే చాలు. అందులో పేరు లేని పట్టికను ఎంత జాగ్రత్తగా రాసినా సర్వరు దాని జోలికి వెళ్లదు.

పట్టిక రూపం సులువే. వరుసకు ఎడమవైపు వెతకాల్సిన చిరునామా, కాస్త ఖాళీ వదిలి కుడివైపు జవాబు. కానీ వేల వరుసలున్న టెక్స్ట్ ఫైలును ప్రతి ఉత్తరానికీ మొదటినుంచి చదువుకుంటూ పోతే సర్వరుకు తెమలదు. అందుకే పోస్ట్‌మ్యాప్ అనే ఆదేశం ఆ టెక్స్ట్‌ను సూచికతో కూడిన డేటాబేస్ ఫైలుగా మారుస్తుంది. నిఘంటువులో మాట వెతికినట్టు సర్వరు నేరుగా కావలసిన చోటికే వెళ్లి జవాబు తెచ్చుకుంటుంది. కాలేజీ అడ్మిన్ మరిచిపోయింది ఈ ఆదేశాన్నే. మనుషుల కోసం రాసిన టెక్స్ట్‌లో లక్ష్మి పేరు చేరింది, సర్వరు చూసే డేటాబేస్‌లో పాత పేరే మిగిలిపోయింది. మారుపేర్లు రాసే ఎలియాసెస్ ఫైలుకైతే ఇదే పని న్యూఎలియాసెస్ చేస్తుంది.

ఇలాంటప్పుడు ఫైలును కాదు, డేటాబేస్‌ను అడగాలి. పోస్ట్‌మ్యాప్‌కు క్యూ అనే ఆప్షన్ ఇచ్చి, చిరునామానూ పట్టికనూ చూపితే సర్వరుకు అందే జవాబేమిటో తెరమీద కనిపిస్తుంది. ప్రతి మార్పు తర్వాతా ఈ ఒక్క ప్రశ్న అడిగే అలవాటున్న అడ్మిన్‌కు సగం ఫిర్యాదులు రావు.

అసలు ప్రమాదం మాత్రం కంటికి ఆనని చోట ఉంది. అడ్మిషన్ల వరుస లక్ష్మికి, దాని కింద ప్రిన్సిపల్ వరుస రమణకు రాశారనుకుందాం. రెండో వరుస మొదట్లో పొరపాటున ఒక స్పేస్ పడింది. పోస్ట్‌ఫిక్స్ లెక్కలో ఖాళీతో మొదలయ్యే వరుస పై వరుసకు కొనసాగింపు. రెండూ కలిసి ఒకే వరుస అయిపోతాయి. అప్పటినుంచి అడ్మిషన్ల మెయిళ్లు లక్ష్మితో పాటు రమణకూ పోతాయి. ప్రిన్సిపల్‌కు రాసినవాళ్లకు మాత్రం అలాంటి చిరునామాయే లేదన్న జవాబు వస్తుంది. వ్యాకరణం ప్రకారం తప్పేమీ లేదు కాబట్టి పోస్ట్‌మ్యాప్ నోరు మెదపదు. ఒక్క స్పేస్ ఒక కార్యాలయానికి ఉత్తరాలు రాకుండా ఆపగలదంటే, పట్టికలు దిద్దేవాళ్లకు ఎంత ఓపిక కావాలో ఊహించవచ్చు.

వరుసల క్రమం గురించీ ఓ మాట. సూచిక ఉన్న పట్టికలో ఏ వరుస ముందున్నా ఒకటే. సర్వరు ముందు పూర్తి చిరునామా కోసం వెతుకుతుంది, అది దొరక్కపోతేనే డొమైన్ మొత్తానికి రాసిన వరుస చూస్తుంది. చిరునామాలను నమూనాలతో పోల్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పట్టికలు ఇందుకు పూర్తిగా భిన్నం. వాటికి పోస్ట్‌మ్యాప్‌తో పనిలేదు, సర్వరు టెక్స్ట్‌నే చదువుతుంది. పైనుంచి కిందికి చూస్తూ, మొదట సరిపోయిన వరుస దగ్గరే ఆగిపోతుంది. వాటిని దిద్దాక పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయకపోతే, అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లు కాసేపు పాత నియమాలనే పాటిస్తాయి.

డొమైన్ మొత్తానికి ఒకే వరుస రాసి, ఏ పేరుకు వచ్చినా తీసుకొమ్మనడం తేలికగా తోస్తుంది. అది మంచిది కాదు. స్పామ్ పంపేవాళ్లు వేలాది పేర్లు ఊహించి ప్రయత్నిస్తారు. ఆ ఒక్క వరుస ఉంటే అవన్నీ లోపలికి వచ్చేస్తాయి. లేకపోతే తెలియని పేర్లను సర్వరు గుమ్మంలోనే తిప్పి పంపుతుంది.

ఇప్పుడు ఈ పట్టికల్లోకి తెలుగు అక్షరాలూ రాగలవు. ఆంగ్లేతర లిపుల్లో మెయిల్ చిరునామాలకు ప్రమాణాలు 2012లో వచ్చాయి. 2015లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్ 3.0 వాటిని అందుకుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ డొమైన్ ఉండనే ఉంది. అయితే డొమైన్ పేర్లను నమోదు చేసే డీఎన్‌ఎస్ లోపల ఆ పేరు ఎక్స్, ఎన్ అక్షరాలతో, రెండు గీతలతో మొదలయ్యే మరో రూపంలో నమోదై ఉంటుంది. పట్టికలో వెతికేటప్పుడు పోస్ట్‌ఫిక్స్ ఒక రూపాన్ని మరో రూపంలోకి మార్చుకోదు. కాబట్టి తెలుగు డొమైన్ నడిపే అడ్మిన్ ప్రతి వరుసనూ తెలుగు లిపిలో ఒకసారి, ఆ రెండో రూపంలో ఒకసారి రాసి, రెండింటినీ విడివిడిగా అడిగి చూసుకోవాలి.