భాగం 6: కారు యజమాని స్వయంగా చేసుకోగల తనిఖీలు

6.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- దుమ్ము, ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతంలో కారును ఎందుకు తరచుగా తనిఖీ చేయాలో వివరించగలరు.
- ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, టైర్లు, బ్యాటరీలను స్వయంగా పరీక్షించగలరు.
- ఏ లక్షణం కనిపిస్తే కారును కదిలించకుండా మెకానిక్‌ను పిలవాలో చెప్పగలరు.

6.1 పరిచయం

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలోని సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్ ఆపరేటర్ షిఫ్టు మొదలు కాగానే బండి ఎక్కి కదిలించకూడదు. ముందుగా చుట్టూ తిరిగి టైర్లు, ఆయిల్, లీకులు చూడాలి. బ్రేకు, హారన్ పనిచేస్తున్నాయో లేదో పరీక్షించాలి. అయితే అదే మనిషిని, తన సొంత కారు బానెట్ ఎత్తి ఎన్నాళ్లయిందని అడిగితే వెంటనే చెప్పలేకపోవచ్చు. గనిలోని ఆ అలవాటును ఇంటి ముందుకు తెచ్చుకోవడం ఎలాగో ఈ భాగంలో తెలుసుకుందాం. ఇందుకు వారానికి పది నిమిషాలు చాలు.

6.2 మన ప్రాంతంలో ప్రత్యేక శ్రద్ధ ఎందుకు?

బొగ్గు మెత్తని పదార్థం. కానీ బొగ్గు పొరల మీద ఉండే ఇసుకరాయిని పేల్చి తవ్వినప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి. క్వార్ట్జ్ ఇనుము కంటే గట్టిది. ఈ దుమ్మును ఇంజన్‌లోకి పోకుండా ఆపేది ఎయిర్ ఫిల్టర్. ఫిల్టర్ చిరిగినా, సరిగా అమరకపోయినా రేణువులు లోపలికి చేరి సిలిండర్ గోడలను, పిస్టన్ రింగులను అరగదీస్తాయి. అప్పుడు ఆయిల్ కూడా మండి, పొగగొట్టం నుంచి నీలిరంగు పొగ వస్తుంది. ఆ దశకు చేరితే ఖర్చు వేలల్లో ఉంటుంది. ఫిల్టర్ ధర అందులో కొద్ది భాగమే.

కారుతో ఇచ్చే పుస్తకంలో సర్వీసు గడువులు సాధారణ పరిస్థితులకు రాసి ఉంటాయి. దుమ్ము రోడ్ల మీద తిరిగే బండ్లకు అంతకంటే తక్కువ గడువు పాటించాలని చాలా పుస్తకాల్లోనే ఉంటుంది. ఆ పేజీ వెతికి చదవండి. నెలకొకసారి ఫిల్టర్ పెట్టె క్లిప్పులు తీసి చూడండి. దుమ్మును మెల్లగా తట్టి దులపండి. కాగితం నల్లబడి మూసుకుపోయినా, చిరిగినా కొత్తది వేయండి.

6.3 బానెట్ కింద చూడవలసినవి

ఈ తనిఖీలు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే, కారును సమతలంగా నిలిపి చేయాలి. మీరు నైట్ షిఫ్టు చేసేవారైతే ఇంటికి రాగానే కాక, సాయంత్రం డ్యూటీకి బయలుదేరే ముందు చూసుకోండి.

ఇంజన్ ఆయిల్: డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉండాలి. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ త్వరగా నల్లబడటం మామూలే. కానీ పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే అందులో నీరు కలిసినట్లు అనుమానించాలి. అప్పుడు కారు నడపవద్దు.

కూలెంట్: ప్లాస్టిక్ డబ్బా మీది గుర్తుల మధ్య ఉండాలి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత ఎప్పుడూ తీయకండి. లోపలి ద్రవం ఒత్తిడిలో ఉండటం వల్ల 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. బోరు నీళ్లు పోయడం కూడా మంచిది కాదు. అందులోని లవణాలు లోపల పొరలా పేరుకుంటాయి.

బ్రేక్ ఆయిల్: మట్టం తగ్గిందంటే బ్రేక్ ప్యాడ్లు అరిగి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. పైన పోసి ఊరుకోకుండా కారణం తెలుసుకోండి.

బ్యాటరీ: టెర్మినళ్ల మీద తెల్లని లేదా పచ్చని పొడి ఉంటే శుభ్రం చేయించండి. మీరే చేసేటట్లయితే ముందు నెగటివ్ వైరు విప్పాలి. దగ్గరలో బీడీ, సిగరెట్ వెలిగించకూడదు. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ మండే వాయువు.

6.4 టైర్లు

మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అటువంటి రోజున గాలి తక్కువైన టైర్లతో, నిండా మనుషులతో రాజీవ్ రహదారి మీద హైదరాబాదుకు బయలుదేరితే ప్రమాదాన్ని వెంట తీసుకుపోతున్నట్లే. గాలి తగ్గిన టైరు పక్కలు ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతాయి. ఆ వంపు వల్ల వేడి పుట్టి టైరు పగలవచ్చు. కనుక ఎండాకాలంలో గాలి తగ్గించి కొట్టించాలన్న మాట సరికాదు. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద ఎంత రాసి ఉందో అంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. స్టెప్నీని మరచిపోకండి. టైరు గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి. గాడులు వాటి ఎత్తుకు అరిగితే టైరు మార్చాలి.

6.5 సారాంశం

ఈ తనిఖీలు మెకానిక్ పనికి ప్రత్యామ్నాయం కావు. మెకానిక్ దగ్గరకు ఎప్పుడు వెళ్లాలో అవి చెబుతాయి. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, టైర్లు వారానికొకసారి, ఎయిర్ ఫిల్టర్, బ్యాటరీ నెలకొకసారి చూడండి. తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఆయిల్ నెలనెలా తగ్గుతోందన్న సంగతి ఒక్కసారి చూస్తే తెలియదు, వరుసగా రాస్తేనే తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బొగ్గు కంటే ఇసుకరాయి దుమ్ము ఇంజన్‌కు ఎందుకు ఎక్కువ హాని చేస్తుంది?
2. వేడి రేడియేటర్ మూత తీస్తే ఏమవుతుంది? కారణం రాయండి.
3. ఈ వారం మీ కారును గాని, మీ ఇరుగుపొరుగువారి కారును గాని పరీక్షించి, గమనించిన అంశాలను పట్టికగా రాయండి.