జనం చేరితేనే పండుగ: సూరత్ విశేషాలు

‘సెలబ్రేషన్’ అనే మాటకు మూలం లాటిన్‌లోని ‘సెలెబర్’. దాని మొదటి అర్థం రద్దీగా ఉన్నది అని. జనం కిటకిటలాడే బాటైనా, భక్తులు విరగబడే గుడైనా రోమన్లకు ‘సెలెబర్’. పదిమంది వచ్చే చోటు పదిమందికీ తెలుస్తుంది కాబట్టి పేరుమోసినది అనే అర్థం తర్వాత వచ్చింది. ‘సెలబ్రిటీ’ పుట్టిందీ ఆ వేరు నుంచే.

ఆ పాత అర్థం ఇంకా బతికి ఉన్న ఊరు సూరత్. శరత్ పూర్ణిమ మర్నాడు అక్కడ చందీ పడ్వో. తినడమే ఆ పండుగలో అసలు వేడుక. కోవా, పిస్తా, బాదం కూరి, నేతిలో వేయించి, పైన మళ్లీ గడ్డనెయ్యి పట్టించిన ‘ఘారీ’ని, కారపు ‘భూసు’తో కలిపి తింటారు. కుటుంబాలకు కుటుంబాలు డుమస్ రోడ్డు ఫుట్‌పాత్‌ల మీదే వెన్నెట్లో బైఠాయిస్తాయి. 1857 తిరుగుబాటు నాయకుడు తాత్యా తోపే సైనికుల కోసం ఘారీ చేశారని ఊళ్లో చెప్పుకుంటారు.

జనసమ్మర్దంలో సూరత్‌కు గిన్నిస్ రికార్డూ దక్కింది. 2023 జూన్ 21న సుమారు 1.53 లక్షల మంది ఒకేచోట యోగా చేసి, 2018లో లక్ష దాటిన రాజస్థాన్ నగరం కోటాను వెనక్కి నెట్టారు. రెండేళ్లకు మన విశాఖ 3 లక్షలకు పైగా జనంతో దాన్ని అధిగమించింది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసేది మాత్రం సూరత్‌లోని లింబాయత్ ప్రాంతం. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు, ఇతర తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మ. మర్నాటి నుంచే గుజరాత్‌కు నవరాత్రులు. ఒకే ఊళ్లో, ఒకే రాత్రి, దీపం పెట్టిన మట్టికుండ చుట్టూ గర్బా, పూల బతుకమ్మ చుట్టూ మనవాళ్ల ఆట. రెండింటిలోనూ వలయమే, చప్పట్లే, పాటే. గర్బాకు 2023 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. బతుకమ్మ 2016లో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 9 వేల మందికి పైగా మహిళలతో గిన్నిస్‌కెక్కింది. అంతమంది లేకపోయినా, ఇంటిభాష వినపడని ఊళ్లో పేర్చిన బతుకమ్మ నాకు అంతకంటే గొప్పది. దుర్గాష్టమికి సద్దుల బతుకమ్మ నీళ్లలోకి సాగిపోతుంది. గర్బాకు ఇంకో రాత్రి మిగిలే ఉంటుంది.